రేపల్లెలో తాగిన మొదటి గ్లాసు

టీ పెట్టడం నేర్చుకోవడానికి అనంతపురం నుంచి తెనాలి దాకా రైలెక్కి వెళ్ళిన మనిషిని మీరు చూసి ఉండరు. నేనూ చూడలేదు, అద్దంలో తప్ప. వెళ్ళి వచ్చాను కాబట్టి, వెళ్ళని వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇది చదివాక మీరు వెళ్ళక్కర్లేదు. వెళితే మాత్రం త్రాసు తీసుకెళ్ళకండి.

ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మా హేతువాద మిత్రుల సభ నెలకోసారి, రెండో ఆదివారం జరుగుతుంది. ఆ నెల ఇంటి చాకిరీ, స్త్రీ పురుష సమానత్వం అనే విషయం మీద గంటా పది నిమిషాలు మాట్లాడాను. నలభై ఏళ్ళుగా మాట్లాడుతున్న విషయమే కనుక ఎక్కడా తడబడలేదు. చప్పట్లు అయ్యాక వెనక వరసలోంచి డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచింది. పేరు నీలిమ.

"సార్, మీ ఇంట్లో టీ ఎవరు పెడతారు?" అంది.

సభ నవ్వింది. రెండో వరసలో కూర్చున్న నా భార్య సుశీల నవ్వలేదు. నేనేం చెబుతానో వినడానికి మెడ కాస్త ముందుకు చాచింది. మాకు పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళు. నేను కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరైనవాణ్ణి. కాలేజీ ల్యాబులో లెక్కలేనన్ని బర్నర్లు వెలిగించాను. ఇంట్లో పొయ్యి వెలిగించింది రెండుసార్లు. రెండుసార్లూ కరెంటు పోయింది, కొవ్వొత్తి అంటించుకోవాలి.

"రేపటి నుంచి నేనే పెడతాను" అన్నాను.

నీలిమ కూర్చోలేదు. "అయితే వచ్చే నెల మేడమ్‌నే అడుగుతాం సార్" అంది.

అదీ నా మెడకు చుట్టుకున్న సంగతి. నెల తిరిగేసరికి సుశీల నిండు సభలో లేచి, నేను పెట్టే టీ తాగుతోందో లేదో చెప్పాలి. ఆమె అబద్ధం చెప్పదు. నా పరువు కోసం చెప్పే అలవాటు అసలే లేదు. నలభై ఏళ్ళ ఉపన్యాసాలు ఒక గ్లాసు మీద నిలబడ్డాయి.

మర్నాటి నుంచి శాస్త్రీయంగా మొదలుపెట్టాను. నీళ్ళు కొలిచాను. టీ పొడి తూచాను. గడియారం చూస్తూ మరిగించాను. ఇంట్లో ఉన్న స్టీలు జాలీలోంచి నలుసులు దిగుతున్నాయని, టీ కొట్లలో వాడేలాంటి గుడ్డ ఫిల్టరు కొత్తది కొన్నాను. టీ కొట్లలో ఆ గుడ్డలు ఏ రంగులో ఉంటాయో నాకు తెలుసు కనుక, మాది రోజూ సాయంత్రం సబ్బు పొడి వేసి ఉతికి ఆరేశాను. వడకట్టగానే మొదటి గ్లాసు సుశీలకి ఇచ్చేవాణ్ణి, రెండోది నేను తీసుకునేవాణ్ణి. సమానత్వం అక్కడే మొదలవ్వాలని నా ఉద్దేశం.

నా గ్లాసు బాగానే ఉండేది. ఆమె మాత్రం ఒక్క గుక్క తాగి, ఎడమ కనుబొమ పైకెత్తి, గ్లాసు తీసుకెళ్ళి సింకు పక్కన పెట్టేది. పదకొండు రోజులు ఇదే తంతు. ఏం తక్కువైందని అడిగితే "ఏం లేదండి" అనేది. పన్నెండో రోజు నేను అడిగే ప్రశ్న మార్చాను. నీకు నచ్చిన టీ అసలు ఎక్కడ తాగావు అన్నాను.

"మా రేపల్లెలో. స్టేషన్ బయట. మా నాన్న సాసర్లో పోసి ఊది ఇచ్చేవాడు" అంది.

ఆమె పుట్టింది రేపల్లెలో. ఇప్పుడు ఆ ఊళ్ళో మాకు ఎవరూ లేరు. సంచి సర్దుకున్నాను: నోట్‌బుక్కు, కొలత చెంచాలు, బంగారం కొట్టులో ఉండేలాంటి చిన్న త్రాసు. ఒక్కచోట చూసి తీర్మానం చేయడం నా పద్ధతి కాదు కనుక ముందు తెనాలి, తర్వాత బాపట్ల, చివరికి రేపల్లె అని వరస పెట్టుకున్నాను.

తెనాలి: భూదేవికి నిద్ర పట్టదా?

తెనాలిలో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. కాలవ వంతెన దాటితే ఒక టీ కొట్టు తెరిచి ఉంది. యజమాని పేరు సాంబయ్య, నలభై ఏళ్ళ మనిషి. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద డికాషన్. రెండూ దేనికవే మరుగుతున్నాయి. మా వైపు అన్నీ ఒకే గిన్నెలో కలిపేసి దాని ఖర్మకి దాన్ని వదిలేస్తారు. ఇక్కడ పాలకీ టీకీ గ్లాసులోకి వచ్చేదాకా పరిచయం ఉండదు. గొప్ప ఏర్పాటు అని నోట్‌బుక్కులో రాసుకోబోతుండగా, సాంబయ్య మొదటి గ్లాసు కలిపి, రోడ్డు మీదికి వచ్చి, పొగలు కక్కుతున్న టీని నేల మీద పోసేశాడు.

ఇదేంటని అడిగాను. భూదేవికి అన్నాడు. మొదటి గ్లాసు ఆవిడకి పోస్తేగాని బేరం మొదలుపెట్టరట. వాళ్ళ నాన్న హయాం నుంచీ అంతేనట.

నాకు ఇలాంటివి కనిపిస్తే నోరు ఆగదు. బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు కదా, సభ కూడినట్టే అనుకుని మొదలుపెట్టాను. గేదె కష్టపడి ఇచ్చిన పాలు, కూలీలు కొండల మీద కోసిన ఆకు, చెరకు రైతు పంచదార, ఇన్ని చెమటలు కలిసిన గ్లాసుని మట్టిలో పోయడం ఏ దేవికి ఇష్టం అన్నాను. పైగా రోజూ తెల్లారగట్ల ఇంత టీ తాగితే భూదేవికి నిద్ర పట్టక భూకంపాలు రావా అన్నాను.

సాంబయ్య గ్లాసు కడుగుతూ, "ఇప్పటిదాకా రాలేదుగా బాబాయ్ గారూ. అంటే టీ బాగుందనే లెక్క" అన్నాడు.

బెంచీ మీద ముగ్గురూ అతని పక్షాన నవ్వారు. ఓడిపోయినట్టు ఒప్పుకోలేక, పని మీద దృష్టి పెట్టాను. సంచిలోంచి త్రాసు తీసి బెంచీ మీద పెట్టి, గ్లాసుకి ఎంత పొడి వేస్తున్నారో ఒకసారి తూచి చూపించమన్నాను. నోట్‌బుక్కు తెరిచి కలం కూడా తీశాను.

బెంచీ మీదున్న ముగ్గురిలో ఇద్దరు సగం గ్లాసులు వదిలేసి లేచారు. సాంబయ్య డికాషన్ గిన్నె మీద మూత పెట్టాడు. కొత్త పాల ప్యాకెట్లు కత్తిరించాడు. అప్పటిదాకా బాబాయ్‌గా ఉన్న నేను ఒక్క క్షణంలో సార్ అయిపోయాను.

"సార్, లైసెన్సు ఇంటి దగ్గరుందండి. ఫోన్ చేస్తే మా ఆవిడ తెస్తుంది" అన్నాడు.

నేను ఫుడ్ ఇన్‌స్పెక్టర్ని కానని చెప్పాను. అందరూ మొదట అలాగే అంటారండి అన్నాడు. రిటైరైన లెక్చరర్ని అన్నాను. వేషాలు మార్చి వస్తున్నారని పేపర్లో చదివానన్నాడు. నా భార్య కోసం టీ నేర్చుకోవడానికి అనంతపురం నుంచి వచ్చానన్నాను. ఆ మాటతో అతనికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ఇంత అతకని అబద్ధం ఆఫీసర్లు తప్ప ఎవరూ చెప్పరు.

గ్లాసుని మరిగే నీళ్ళలో మూడుసార్లు ముంచి, కొత్త పొడితో, కొత్త పాలతో ఒక టీ కలిపి రెండు చేతులతో ఇచ్చాడు. బ్రహ్మాండంగా ఉంది. కానీ అది సాక్ష్యంగా పనికిరాదు, ఎందుకంటే అది భయంతో చేసిన టీ. పది రూపాయలు ఇస్తే తీసుకోలేదు. బెంచీ మీద పెట్టి వచ్చాను. వీధి చివర తిరిగి చూస్తే, పక్కనున్న రెండు టీ కొట్లలోనూ గ్లాసులు వేడినీళ్ళలో మునుగుతున్నాయి. ఆ ఉదయం ఆ వీధిలో టీ తాగిన తెనాలి ప్రజలు నాకు కృతజ్ఞులై ఉండాలి.

ఆ తర్వాత నెయ్యి పోసిన కారప్పొడి ఇడ్లీ తిన్నాను. మా అనంతపురంలో పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మేం పొట్టని తిట్టి నిద్ర లేపుతాం, వీళ్ళు బుజ్జగించి లేపుతారు. బెల్లం పాకంలో తేలిన నల్లటి జిలేబీ కూడా తిన్నాను. దాని మీద నాకు ఏ విమర్శా లేదు.

బాపట్ల: అల్లం చేసిన అల్లరి

రాత్రికి బాపట్ల చేరి, మర్నాడు పొద్దున్నే సూర్యలంక దారిలో ఒక టీ బండి దగ్గర ఆగాను. బండి మస్తాన్ గారిది. యాభై దాటిన మనిషి, తెల్ల గడ్డం, తల మీద టోపీ. త్రాసు సంచి అడుగున, తువ్వాలు కింద దాచాను.

ఆయన కూడా మొదటి గ్లాసు తీసుకెళ్ళి రోడ్డు మీద పోశాడు.

నేను తట్టుకోలేకపోయాను. మీరు కూడా భూదేవికేనా అన్నాను.

"భూదేవి సంగతి మీకు తెలియాలి మాస్టారూ. మాకు బోణీ. మా అబ్బాజాన్ పోసేవాడు, నేను పోస్తున్నా" అన్నాడు.

నోట్‌బుక్కులో ఇలా రాసుకున్నాను: ఈ మూఢాచారానికి మతం లేదు. దేవత మారినా, దేవత లేకపోయినా, వృథా మాత్రం మారడం లేదు. వచ్చే సభకి మంచి ఉపన్యాసం దొరికిందని సంతోషించాను కూడా. ఒక గ్లాసు టీ నిరర్థకంగా మట్టిపాలైన ప్రతిచోటా నేను అంత సంతోషపడ్డానని ఇప్పుడు సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

మస్తాన్ మంచి గురువు. నేను వచ్చిన పని చెబితే నమ్మాడు. అంతకంటే ఆశ్చర్యం, నవ్వలేదు. వాళ్ళ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు వచ్చినప్పటి నుంచి ఇంట్లో టీ కూడా తనే పెడుతున్నాడట. పక్కకి జరిగి, ఒక చిన్న గిన్నె ఇచ్చి, పెట్టి చూపించండి అన్నాడు. పాలు పోశాను. అవి వేడెక్కుతుండగా, అల్లం దంచి అందులో వేశాను. గుంటూరు నుంచి సముద్రం చూడటానికి కారులో వచ్చిన కుటుంబం ఒకటి నా చుట్టూ నిలబడి చూస్తోంది. రెండు నిమిషాల్లో పాలు ముక్కలు ముక్కలయ్యాయి.

"పన్నీరు చేస్తున్నారా మాస్టారూ?" అన్నాడు మస్తాన్, ఎంతో మర్యాదగా.

పచ్చి అల్లం పాలలో పడితే విరుగుతాయట. ముందు నీళ్ళలో పడాలి, బాగా మరగాలి, దాని పొగరు చావాలి, అప్పుడు పాలు. మామూలు ఆడవాళ్ళందరికీ, మగవాళ్ళలో టీ బండి ఉన్నవాళ్ళకీ ఇది తెలుసట. కెమిస్ట్రీ లెక్చరర్ల ప్రస్తావన ఆయన తేలేదు. అల్లంలో పాలని విరిచే పదార్థం ఉంటుందని, వేడికి అది నశిస్తుందని నేను తరగతిలో చెప్పి ఉంటాను. కానీ తరగతి గదిలో పాలు లేవు.

ఇంకో సంగతి చెప్పాడు. పాలు కలిపాక మూడు పొంగులు రానివ్వాలి, పొంగు వచ్చినప్పుడల్లా మంట తగ్గించాలి. మూడే ఎందుకు, ఆ అంకెకి ఏమైనా మహిమ ఉందా అని నిలదీశాను.

"రెండైతే పచ్చివాసన. నాలుగైతే చేదు. మీరే చూసుకోండి" అన్నాడు.

చూసుకోండి అన్న మనిషితో నాకు ఎప్పుడూ తగాదా లేదు. అక్కడే రెండు, మూడు, నాలుగు పొంగుల టీలు వరసగా తాగి చూశాను. ఆయన చెప్పింది నిజం. మూడు టీల డబ్బులు, విరిగిన పాల డబ్బులు ఇచ్చాను. పాల డబ్బులు వెనక్కి ఇచ్చేశాడు, విద్యార్థి దగ్గర తీసుకోనని.

తర్వాత సముద్రం చూశాను. పెద్దగా ఉంది. జాలర్ల పేటలో ఇసుక మీద చేపలు ఎండబెడుతున్న ఒకావిడ, మీ ఊళ్ళో సముద్రం లేదా బాబాయ్ అని అడిగింది. లేదన్నాను. నదైనా ఉందా అంది. పేరుకి ఉంది, నీళ్ళు లేవన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసి, ఒక ఎండు చేప చేతిలో పెట్టింది.

పిట్టలవానిపాలెం దగ్గర, బస్సులో

మధ్యాహ్నం రేపల్లె వైపు బస్సెక్కాను. దారి పొడుగునా వరి. మా వైపు నుంచి వచ్చినవాడికి ఇంత పచ్చదనం ఎవరో అవసరానికి మించి రంగు వేసినట్టు అనిపిస్తుంది. పిట్టలవానిపాలెంలో ఎక్కిన ఒక రైతు నా పక్కన కూర్చున్నాడు. ఖద్దరు చొక్కా, చేతిలో ఎరువుల కొట్టు సంచి. ఎక్కడి నుంచి, ఏం పని మీద అని అడిగాడు. చెప్పాను. కాసేపు కిటికీలోంచి చూశాడు.

"మీ ఆవిడ ఊళ్ళో లేదాండి?" అన్నాడు.

"ఉన్నారండి."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి."

"ఉద్యోగమా?"

"కాదండి. ఇంట్లోనే ఉంటారు."

ఆయన ఇంకా చాలా అవకాశాలు ఆలోచించినట్టున్నాడు. చివరికి గొంతు తగ్గించి, "మరి ఆవిడ ఏం చేస్తుందండి?" అన్నాడు.

ఇదే ప్రశ్నని ముప్ఫై నాలుగేళ్ళలో నా గురించి ఎవరూ ఎందుకు అడగలేదని ఎదురు అడిగాను. స్త్రీ శ్రమ మీద నా ఉపన్యాసంలో మొదటి అరగంట చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. తర్వాతి స్టాపులో ముందు సీటు ఖాళీ అయితే అందులోకి మారాడు.

రేపల్లె: అల్లుడికి ఇవ్వని గ్లాసు

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. తెనాలి నుంచి వచ్చే బండికి ఇక ముందుకి దారి లేదు, అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. నా పరిశోధన కూడా ఇక్కడితో ఆగాల్సిందే కనుక, మర్నాడు తెల్లవారుతూనే స్టేషన్ బయటికి వెళ్ళి నిలబడ్డాను. ఒక్క కొట్టు తెరుస్తున్నారు. డెబ్భై దాటిన ఒక ముసలావిడ, పేరు నాంచారమ్మ, దండెం మీద ఆరేసిన వడకట్టే గుడ్డ తీసి దులుపుతోంది. పాలలా తెల్లగా ఉంది ఆ గుడ్డ. మూడు ఊళ్ళలో అంత తెల్లటి గుడ్డ నేను చూడలేదు. అదే మాట ఆవిడతో అన్నాను.

"సాయంత్రం సబ్బు పెట్టి ఉతుకుతానండి రోజూ. లేకపోతే బంక పట్టేస్తది" అంది.

ఇంత దూరం వచ్చినందుకు నాలాంటి మనిషి ఒకరు దొరికారని పొంగిపోయాను. మాటల్లో మా సుశీల ఊరు ఇదేనని చెప్పాను. వాళ్ళ నాన్న పేరు చెబితే ఆవిడకి తెలియలేదు. అయినా పర్వాలేదంది. ఆ కొట్టు వాళ్ళ అత్తగారి కాలం నుంచీ అక్కడే ఉందట. అంటే సుశీల చిన్నప్పుడు తాగింది ఇక్కడే అయ్యుండవచ్చు. నిరూపించలేను.

ఊరి ఆడపిల్ల భర్తని కనుక అప్పటి నుంచీ నేను అల్లుడు గారిని. బెంచీ తుడిచి కూర్చోబెట్టింది. ఇద్దరు ఆటోవాళ్ళు, నిజాంపట్నం నుంచి చేపల బుట్టతో వచ్చిన కోటమ్మ అనే ఆవిడ కూడా వచ్చి కూర్చున్నారు. టీ మూడు పొంగులూ పొంగింది. నాంచారమ్మ మొదటి గ్లాసు వడకట్టి, రోడ్డు వైపు కదిలింది.

నేను అడ్డం వెళ్ళి నిలబడ్డాను. మూడో ఊరు, మూడో గ్లాసు. ఇక ఊరుకుంటే నా చదువుకి అర్థం లేదు. ఆ గ్లాసు నాకివ్వండి, నేను తాగుతాను అన్నాను.

ఆవిడ గ్లాసు వెనక్కి లాక్కుంది. "ఇది మీకెలా ఇస్తానండి? అల్లుడు గారికి మొదటి గ్లాసు ఇస్తే నలుగురూ నా మొహాన ఉమ్మేయరూ?"

అల్లుడికైనా, అతిథికైనా, రోడ్డుకి ఇచ్చేంత మర్యాద ఇవ్వకపోతే ఎలాగన్నాను. ఆవిడ వద్దంది, అది భూదేవికంది. నేను కావాలన్నాను. భూదేవికి కోపం వస్తే ఆ కోపం నా మీదకి రానివ్వండి, మీ కొట్టుకి ఏ నష్టం జరిగినా నాదే పూచీ అని ఆటోవాళ్ళ ఎదుట ప్రకటించాను. వాళ్ళలో ఒకడు, తాగనీ మామ్మా, పెద్దాయన అడుగుతున్నాడుగా అన్నాడు. కోటమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

నాంచారమ్మ నిట్టూర్చి గ్లాసు ఇచ్చింది. విజయం సాధించిన మనిషిలాగా పెద్ద గుక్క తాగాను.

సబ్బు.

సబ్బు వాసన కాదు, సబ్బు. వేడి వేడి సబ్బు నీళ్ళలో అల్లం, పంచదార కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఉమ్మేద్దామంటే నలుగురూ చూస్తున్నారు, పైగా ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. మింగాను. ఎదురుగా నిలిపిన ఆటో అద్దంలో నా మొహం కనిపించింది. ఎడమ కనుబొమ పైకి లేచి ఉంది. ఆ కనుబొమని నేను ఎక్కడో చూశాను. పదకొండు రోజులు వరసగా, మా వంటింట్లో చూశాను.

"ఎంత జాడించినా గుడ్డలో మిగిలే సబ్బు మొదటి వేడి గ్లాసుతోనే పోద్దండి. అందుకేగా ఎవరికీ ఇవ్వంది" అంది నాంచారమ్మ.

మరి భూదేవికని ఎందుకు చెబుతారని అడిగాను. నాలుక ఇంకా నురగలు కక్కుతున్నట్టే ఉంది.

"రోజూ వచ్చే వీళ్ళకి తెలుసు, కొత్తవాళ్ళు భూదేవికంటే ఏమీ అడగరండి. సబ్బు నీళ్ళు పారబోస్తున్నానంటే నా కొట్టుకి ఎవరొస్తారు?"

అత్తగారు ఆవిడకి కూడా భూదేవి పేరే చెప్పిందట. కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంత టీ నేలపాలు చేస్తారా అని మనసొప్పక, ఎవరూ చూడకుండా ఒకరోజు ఆ గ్లాసు తాగేసిందట. అప్పుడు తెలిసింది. అంటే నా నలభై ఏళ్ళ హేతువాదం చేరిన చోటికి ఈవిడ పద్దెనిమిదేళ్ళ వయసులోనే, ఏ సభా పెట్టకుండా చేరుకుంది. సాంబయ్య, మస్తాన్ ఆ సంగతి మరిచి ఆచారాన్ని మాత్రం ఉంచుకున్నారు. నేను ఆచారాన్ని తిట్టి సంగతి కనుక్కోవడం మరిచాను. వాళ్ళకీ నాకూ తేడా ఏమిటంటే, వాళ్ళు సబ్బు తాగలేదు.

అప్పుడు రెండో గ్లాసు వడకట్టి, సాసర్లో పోసి ఇచ్చింది. అది ఎలా ఉందో రాయను. సుశీల చిన్నప్పటి టీని ఎందుకు మరిచిపోలేదో మాత్రం తెలిసింది. మీ ఇంట్లో ఎలా పెడతారు అల్లుడు గారూ అని అడిగితే వరసగా చెప్పాను. కొలతలు, తూకాలు, కొత్త గుడ్డ, సబ్బు పొడి. ఆవిడ అన్నిటికీ తలూపి, "మరి మొదటి గ్లాసు ఏం చేస్తన్నారండి?" అంది.

నేను సాసర్‌లోకి చూస్తూ కూర్చున్నాను.

కోటమ్మ కొంగు తీసేసింది. "మీ ఊరి పిల్లకి పోశాడే మామ్మా" అంది.

ఆటోవాళ్ళు నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఎన్నాళ్ళు పోశారు అని నాంచారమ్మ అడిగింది. పదకొండు రోజులన్నాను. ఆవిడ లేచి, ఒక పొట్లంలో టీ పొడి కట్టి, డబ్బులు తీసుకోకుండా నా సంచిలో వేసింది. మా సుశీలమ్మకివ్వండి, పాపం చాలా ఓర్పు గల పిల్ల అంది.

మళ్ళీ అనంతపురం

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించాను. అల్లం ముందు నీళ్ళలో వేశాను. పాలు పోశాక మూడు పొంగులు రానిచ్చాను. త్రాసు సంచిలోంచి తీయలేదు. వడకట్టాక మొదటి గ్లాసు ఎక్కడ పోయాలని వెతుకుతుంటే, సింకులో మరకలవుతాయి, గేటు బయట పోయండి అంది సుశీల. పోసి వచ్చి రెండో గ్లాసు ఇచ్చాను. ఆమె తాగింది. నేను కనుబొమని చూస్తూ నిలబడ్డాను. అది ఉన్నచోటే ఉంది. గ్లాసు ఖాళీ అయింది.

సబ్బు సంగతి పదకొండు రోజులు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే నేర్పినట్టు. నేర్పితే మళ్ళీ నా పనే అవుతుంది. మీ అంతట మీరే కనుక్కుంటారని ఆగాను" అంది. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, "రేపల్లె దాకా వెళ్తారనుకోలేదు" అంది.

ఉతకడంలో సబ్బు మానేస్తే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. మానను. బంక పట్టిన గుడ్డ కంటే ఒక గ్లాసు పోవడమే మేలు. కానీ ఆ నిర్ణయానికి నేను చెల్లించిన మూల్యం చెప్పాలి. మా గేటు తూర్పు ముఖంగా ఉంటుంది. నేను గ్లాసు పోసే వేళకి సరిగ్గా సూర్యుడు వస్తాడు. ఎదురింట్లో ఉండే రిటైర్డ్ తాసీల్దారు గారు రోజూ ఆ వేళకి అరుగు మీద ఉంటారు. మూడో రోజు ఆయన నన్ను చూసి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించారు. ఇన్నాళ్ళకైనా దారికి వచ్చారండి అన్నారు. వారం తిరిగేసరికి హేతువాది గారు సూర్యుడికి టీ నైవేద్యం పెడుతున్నారని వీధి వీధంతా తెలిసిపోయింది.

రెండో ఆదివారం సభ నిండిపోయింది. మామూలుగా రానివాళ్ళు కూడా వచ్చారు. నీలిమ లేచి, మేడమ్, సార్ టీ పెడుతున్నారా, మీరు తాగుతున్నారా అని అడిగింది.

రెండో వరసలో సుశీల లేచింది. "టీ రోజూ ఆయనే పెడుతున్నారమ్మా. రెండో గ్లాసు నాది. అడుగుదాకా తాగుతున్నాను. మొదటి గ్లాసు పొద్దున్నే గేటు బయట ఎవరికి పోస్తున్నారో మాత్రం ఆయన్నే అడగండి" అని కూర్చుంది.

సభంతా నా వైపు తిరిగింది. నా ముందు రెండే దారులు. నోరు మూసుకుంటే సూర్యోపాసకుణ్ణి అవుతాను. నిజం చెబితే, సమానత్వం పేరుతో భార్యకి పదకొండు రోజులు సబ్బు నీళ్ళు తాగించిన మనిషిని అవుతాను. నలభై ఏళ్ళుగా ఏ వేదిక మీద నిలబడి నిజమే చెప్పమని అందరినీ కోరానో, ఆ వేదిక మీదికే వెళ్ళాను. గుడ్డ కొన్న రోజు నుంచి కోటమ్మ కొంగు తీసేసిన క్షణం దాకా ఏదీ దాచకుండా చెప్పాను.

సభ నవ్వింది. ఈసారి అందరికంటే ముందు నవ్వింది రెండో వరస.